మొదటి పాఠం పదకొండోసారి

ఐదో తరగతి చదివే ఒక అమ్మాయి తన పాత నోటు పుస్తకాలు నాలుగు తెచ్చి నా ముందు పెట్టింది. నేను బల్ల మీద రాసిన పాఠం వాటిలో ముందే ఉందని చూపించడం ఆ పిల్ల ఉద్దేశం. తిరగేశాను. రంగుల పేర్లు, శరీర భాగాలు, ఒకటి నుంచి పది వరకు అంకెలు. ఏడెనిమిది పేజీలు పోయాక మళ్లీ రంగులు, మళ్లీ ముక్కూ చెవులూ. రెండో పుస్తకంలోనూ అంతే. చేతిరాత ఒక్కటే పుస్తకం పుస్తకానికీ గుండ్రంగా తేరుకుంటూ వచ్చింది. లెక్కపెడితే పదిసార్లు తేలింది. మూడేళ్లలో పదిమంది విదేశీ టీచర్లు వచ్చారు, తలా రెండు మూడు వారాలు ఉన్నారు, అందరూ ఎరుపుతోనే మొదలుపెట్టారు. ఆ ఉదయం ఎర్ర సుద్దముక్కతో నేను చేసిన ఘనకార్యం పదకొండోది.

ముప్ఫై నాలుగేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని. పాఠం చెప్పడంలో నాకు కొత్తగా తెలియాల్సింది ఏముంటుందిలే అనుకుని, పల్లె పిల్లలకు స్వచ్ఛందంగా ఇంగ్లీషు చెప్పడానికి కంబోడియా వచ్చాను. సియం రీప్ పట్టణానికి 18 కిలోమీటర్ల దూరంలో, బాంటే స్రే గుడికి వెళ్లే దారిలో ఉన్న ఒక పల్లె బడి మాది. వచ్చి రెండు నెలలైంది. ఇలా రావాలనుకునే వాళ్లు అడిగేవన్నీ దాదాపు ఒకే ప్రశ్నలు కాబట్టి ఉండటం, తినడం, తిరగడం, డబ్బు, బడి అన్నీ ఇక్కడే రాసేస్తున్నాను.

ముందు సంస్థను ఎంచుకోవడం గురించి. నేను మూడింటితో ఉత్తరాలు నడిపాను. ఒకరు అనాథాశ్రమంలో పని ఇస్తామన్నారు. ఆ మాట వినగానే విరమించుకున్నాను. ఈ దేశంలో ఆశ్రమాల్లో పెరిగే పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఏళ్ల తరబడి చెబుతోంది. చూడవచ్చే వాళ్లూ, వాళ్లతోపాటు విరాళాలూ పెరిగేకొద్దీ ఆశ్రమాలు పెరిగాయి. పేదింటి పిల్లలు వాటిలోకి చేరారు. రెండో సంస్థ వారానికి ఇంత అని పెద్ద రుసుమే చెప్పింది కానీ, మీరేం చదివారు, ఎప్పుడైనా పాఠం చెప్పారా అని ఒక్క ముక్క అడగలేదు. మూడో సంస్థ పోలీసు ధ్రువపత్రం అడిగింది, పని అనుభవానికి రుజువు అడిగింది, పిల్లల రక్షణ నియమాల మీద సంతకం పెట్టించుకుంది, మూడు నెలలకు తక్కువైతే రావద్దంది. విసుగు పుట్టించిన ఆ మూడో దానికే వచ్చాను. మూడు నెలల నియమం వాళ్లు ఈ ఏడాదే పెట్టారని నోటు పుస్తకాలు చూశాకే తెలిసింది.

వీసా విషయంలో ఒక హెచ్చరిక. పర్యాటక వీసా 30 డాలర్లు, సాధారణ వీసా 35 డాలర్లు. అయిదు డాలర్లు మిగులుతాయని మొదటిది తీసుకుంటే దాన్ని ఒక్కసారి, ఒక్క నెల మాత్రమే పొడిగిస్తారు. రెండోదాన్ని ఇక్కడికి వచ్చాక మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో పొడిగించుకోవచ్చు. పని చేయడానికి వచ్చేవాళ్లు తీసుకోవలసింది అదే. జీతం లేని పనికి కూడా పని అనుమతి కావాలని మా సంస్థ ఆ కాగితం కూడా తీయించింది. ఈ తిరుగుడంతా వాళ్లే చూసుకున్నారు, అందుకు మాత్రం వాళ్లకు నూటికి నూరు మార్కులు.

2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్లకు పైగా దూరం. పాత పుస్తకాల్లో ‘పావుగంటలో ఊళ్లోకి’ అని ఉంటే నమ్మవద్దు. నేను 8 డాలర్ల బస్సులో వచ్చాను, గంట పట్టింది. టాక్సీ వాడు దానికి నాలుగు రెట్లు చెప్పాడు.

ఇక డబ్బు. ఇక్కడ డాలరూ, రియెలూ రెండూ ఒకే జేబులో తిరుగుతాయి. డాలరుకు దాదాపు 4,000 రియెల్. డాలరు ఇస్తే చిల్లర రియెల్‌లో వస్తుంది, నాణేలు లేవు. మొదటి వారమంతా కూరగాయల దగ్గర మనసులో నాలుగో ఎక్కం వల్లెవేసుకుంటూ నిలబడ్డాను. డాలరు నోటుకు మూలన చిన్న చిరుగు ఉన్నా తీసుకోరు, తీసుకోనందుకు నవ్వుతూ క్షమాపణ చెబుతారు. నా దగ్గరున్న 20 డాలర్ల నోటు ఒకటి అలా అయిదు చోట్ల క్షమాపణలు పొంది ఇంకా నాతోనే ఉంది. పల్లెలో తాటిబెల్లం అమ్మే ఆవిడ దగ్గర కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతుంటుంది. కానీ దానికి ఇక్కడి ఖాతాకో యాప్‌కో అలవాటు పడేదాకా చిన్న నోట్లు దగ్గర పెట్టుకోవడమే మేలు.

మొదటి బస సంస్థవారి ఇల్లు. సియం రీప్ నడిబొడ్డున, గదికి ఆరు మంచాలు, ఒకదాని మీద ఒకటి. నాతో ఉన్నవాళ్లంతా నా శిష్యుల వయసు పిల్లలు. మంచివాళ్లే, నాకు కింది మంచం వదిలేశారు. కానీ రాత్రి రెండింటి దాకా వీధిలో పాటలు, ఉదయం ఆరున్నరకు బడికి వెళ్లే బండి. తొమ్మిది రోజులు ఓర్చుకున్నాను. ఇరవై ఏళ్ల వయసులో వస్తే ఆ ఇంటికి మించింది లేదు, తోడు దొరుకుతుంది, వంట దొరుకుతుంది. నా వయసుకు నిద్ర దొరకాలి.

రెండోది నది ఒడ్డున ఒక చిన్న అతిథిగృహం. రోజుకు 14 డాలర్లు, నెలకైతే 220. శుభ్రమైన గది, వేడినీళ్లు, మేడ మీద బట్టలు ఆరేసుకునే తీగ. అద్దెలో కరెంటు కలవదన్న సంగతి నెలాఖరున చెప్పారు. యూనిట్‌కు 1,000 రియెల్ చొప్పున మీటరు చూసి వేశారు. ఏసీ వేసుకున్న రాత్రులన్నీ ఆ కాగితం మీద వరసగా కనబడ్డాయి. ముందే అడగకపోవడం నా తప్పు, ముందే చెప్పకపోవడం వాళ్ల తెలివి. బట్టలు ఉతికి ఇచ్చే దుకాణాలు మాత్రం అడుగడుగునా ఉన్నాయి. కిలోకు డాలరు, పొద్దున ఇస్తే సాయంత్రానికి మడత పెట్టి ఇస్తారు. నా కాటన్ చీరల్ని చూసి మొదటిరోజు వాళ్లు కాసేపు చర్చించుకున్నారు. చివరికి దుప్పటి మడత పెట్టినట్టు పెట్టి ఇచ్చారు.

మూడోది ఇప్పుడున్నది, బడి పక్క ఇల్లు. స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, కింద ఊయల, కోళ్లు, మగ్గం. పైన నాకో గది, పరుపు, దోమతెర. స్నానం తొట్టి నీళ్లతో. ఇంటి పెద్దావిడను అందరూ ‘యెయ్’ అంటారు, అంటే అమ్మమ్మ. తాతను ‘తా’ అంటారు! ఆ మాట వినగానే ఇల్లు సగం దగ్గరైంది. ఇక్కడ మనుషుల్ని పేరు పెట్టి పిలవడం తక్కువ, వయసుని బట్టి వరస కలపాల్సిందే. ఎదురుపడిన ప్రతివాళ్లూ ‘అన్నం తిన్నావా’ అనే పలకరిస్తారు. ఇబ్బందులూ ఉన్నాయి. పెళ్లిళ్ల కాలం కావడంతో తెల్లవారుజామున అయిదింటికే మైకు మొదలవుతుంది, అది ఏ ఇంటి పెళ్లో కూడా తెలియనంత దూరం నుంచి. వీధికుక్కలకు నేనింకా పరాయిదాన్నే. అయినా ఇప్పుడు ఎవరు అడిగినా వారం రోజులు పల్లెలో, శనివారం సాయంత్రం ఊళ్లో గది అనే చెబుతాను.

తిండి దగ్గర నేను శాకాహారిని. అదే నా పెద్ద భయం. ‘బువహ్’ అనే మాట నేర్చుకోండి. సన్యాసులు తినేలాంటి తిండి అని దాని అర్థం, శాకాహారానికి అదే మాట. కానీ ‘మాంసం వద్దు’ అంటే చేపలసారం మాంసం కిందికి రాదు. ప్రహోక్ అనే ఊరబెట్టిన చేపముద్ద ఇక్కడి వంటకు మనకు చింతపండు లాంటిది, ఎందులో పడిందో కనిపించదు, వాసనే చెబుతుంది. యెయ్ నాకోసం వేరే మూకుడు పెట్టింది. తూటికూరను ఇక్కడ ‘త్రకువన్’ అంటారు, వెల్లుల్లి వేసి పెద్దమంట మీద నిమిషంలో వేయించి ఇస్తుంది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు అదే, ఇంకా మొహం మొత్తలేదు. ప్రేహ్ డాక్ గ్రామం దగ్గర రోడ్డు పొడుగునా పెద్ద మూకుళ్లలో తాటినీరు కాచి బెల్లం చేస్తుంటారు. తాటిచెట్టు ఈ దేశపు జాతీయ వృక్షం. ఆకులో చుట్టిన ఆ బెల్లం బిళ్లలు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

ఇక బడి. ప్రభుత్వ పాఠశాలలు ఇక్కడ రెండు పూటలుగా నడుస్తాయి. కొందరికి పొద్దున ఏడు నుంచి పదకొండు, మిగతావాళ్లకు ఒంటిగంట నుంచి అయిదు. ఖాళీగా ఉన్న పూట పిల్లలు మా ఇంగ్లీషు తరగతికి వస్తారు. కాబట్టి అదే పాఠం రోజుకు రెండుసార్లు చెప్పాలి. పొద్దున చేసిన పొరపాటు మధ్యాహ్నానికి దిద్దుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చింది. లోపలికి రాగానే అందరూ లేచి చేతులు జోడించి ‘చుమ్‌రియప్ సువో నెయక్ క్రూ’ అంటారు. క్రూ అంటే గురువే. విద్యార్థి ‘సెహ్’, అది శిష్యుడు. ఉన్నత పాఠశాల ‘విత్యాలై’, విశ్వవిద్యాలయమేమో ‘సకల విత్యాలై’. వాళ్ల లిపిలో ఒత్తులు కూడా ఉన్నాయి, మనలాగే అక్షరం కింద రాస్తారు, వాటిని ‘జేంగ్’ అంటారు, అంటే పాదం. మూడు రోజులు ఈ బంధుత్వాలు తవ్వుకుంటూ మురిసిపోయాను. నాలుగో రోజు అంకెలు నేర్చుకోబోతే గర్వం దిగిపోయింది. అయిదు దాటాక లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అయిదు ‘ప్రామ్’, ఒకటి ‘ముయ్’, ఆరు ‘ప్రామ్‌ముయ్’. తొమ్మిది అంటే అయిదూ నాలుగూ. బజారులో తొమ్మిది వేలు అని వినబడగానే నేను చేతివేళ్లు తీస్తాను, అమ్మే ఆవిడ జాలిపడి కాలిక్యులేటర్ తీస్తుంది.

నోటు పుస్తకాలు చూసిన రోజు సాయంత్రం ఇక్కడి టీచరు దగ్గర కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. నన్ను ‘ఓమ్’ అంటుంది, పెద్దమ్మ అని.

“ఇదివరకు వచ్చినవాళ్లు ఎక్కడ ఆపారో నీకు తెలుసా అమ్మా?” అని అడిగాను.

“తెలుసు ఓమ్. ప్రతిసారీ నేను తరగతిలోనే ఉంటాను.”

“మరి వాళ్లకు చెప్పలేదా?”

“ఎవరూ అడగలేదు. అడగకుండా అతిథికి చెబితే మర్యాదగా ఉండదు కదా.”

నాకు మాట రాలేదు. నేను కూడా అడగలేదు మరి. తరగతిలోకి వెళ్లగానే సుద్దముక్క ఆమె చేతిలోంచి నేనే తీసుకున్నాను, ఆమె వెనక బెంచీలో వెళ్లి కూర్చుంది. ఆమె పిల్లల్ని అదుపులో పెట్టడానికి కూర్చుందనుకున్నాను.

మర్నాటి నుంచి తిరగేశాం. ఆమె చెబుతుంది, నేను ఉచ్చారణ చూస్తాను, వెనకబడ్డ నలుగురైదుగురిని పక్కన కూర్చోబెట్టుకుంటాను. పిల్లలకు ఇంగ్లీషు భూతకాలం ఎందుకు పట్టుబడదో నేను వారం తంటాలు పడ్డా తెలిసేది కాదు, ఆమె నిమిషంలో చెప్పింది. వీళ్లు మాట్లాడే ఖ్మేరు భాషలో క్రియ మారదు. వెళ్లాను, వెళ్తాను, వెళ్లాడు, వెళ్లింది అన్నిటికీ ఒకటే రూపం. కాలం తెలియాలంటే పక్కన ఇంకో మాట చేరుతుంది. పని అయిపోయిందనడానికి చివర ‘హాయ్’ అంటారు. అన్నం తిన్నావా అని రోజూ పలకరించే మాటలోనే అది ఉంది. ఒక్క క్రియకు కాలమూ లింగమూ వచనమూ అన్నీ మూటగట్టే తెలుగు నుంచి వచ్చిన నాకు ఆ ఇబ్బంది ఊహకే అందలేదు. ఆమె బల్ల మీద ఒకవైపు హాయ్ ఉన్న వాక్యాలు రాసింది, ఎదురుగా ఇంగ్లీషు భూతకాల రూపాలు రాసింది. రెండు వారాలు పొద్దునా సాయంత్రమూ ఎవరేం తిన్నారన్నదే పాఠం. ముప్ఫై ఒక్క మంది పిల్లల వంటిళ్లన్నీ నాకు తెలిసిపోయాయి.

నాకు వదిలిన పని పదాల చివర్లు. మనం ప్రతి ఇంగ్లీషు మాట చివరా ఒక ఉకారం తగిలిస్తాం. బస్సు, రైసు, బుక్కు. వీళ్లేమో చివరి హల్లునే మింగేస్తారు. రైస్ అన్నా, రైట్ అన్నా, రైడ్ అన్నా ‘రై’ దగ్గర ఆగిపోతుంది. వాళ్లు తీసేసింది, నేను అదనంగా వేసేది కలిపి పంచుకుంటే ఇద్దరికీ సరిపోతుందని ఆ టీచరుతో అన్నాను. ఆమెకు తెలుగు హాస్యం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మర్నాడు నా ‘బస్సు’ను తరగతి మొత్తం చేత పలికించి నవ్వించింది.

తిరగడం గురించి. ఆంకోర్ గుళ్లకు విదేశీయులకు ఒక రోజు టికెట్టు 37 డాలర్లు, మూడు రోజులది 62, ఏడు రోజులది 72. ఇక్కడ ఉండి పనిచేసే వాళ్లకు మూడోదే లాభం, నెలలో ఏ ఏడు రోజులైనా వాడుకోవచ్చు. నేను ఆదివారాలతో పాటు మరో మూడు రోజులు వెళ్లాను. సూర్యోదయానికి ఆంకోర్ వాట్ కొలను ముందు నిలబడటం అందరూ చెప్పే మాట. నేను నిలబడ్డాను, ముందున్నవాళ్ల ఫోన్లలో ఉదయించిన సూర్యుణ్ని చూశాను. అదే సమయానికి లోపలికి పోయి తూర్పు వసారాలో క్షీరసాగర మథనం ముందు కూర్చుంటే మీకు ఎవరూ అడ్డురారు. 49 మీటర్ల పొడవు శిల్పం, ఒకవైపు దేవతలు, ఒకవైపు అసురులు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం. మన పిల్లలకు కథగా చెప్పిన దాన్ని ఇక్కడ నడుస్తూ చదవాలి. 967లో ప్రతిష్ఠించిన బాంటే స్రే నాకు అన్నిటికంటే ఇష్టమైంది. చిన్న గుడి, గులాబీరంగు రాయి, చెక్క మీద కూడా రానంత సన్నటి పని. రావణుడు కైలాసాన్ని కదిలించే చెక్కడం దగ్గర పార్వతి శివుణ్ని అంటిపెట్టుకున్న తీరు చూడండి. మా పల్లె నుంచి గంట సైకిలు ప్రయాణం. సైకిలు అద్దె రోజుకు 2 డాలర్లు. ఊళ్లో తిరగడానికి ఫోనులో పిలిచే టుక్‌టుక్‌లు మేలు, బేరం బాధ లేదు.

టోన్లే సాప్ సరస్సు మీద ఒక తేలే ఊరు చూడటానికి పోయి మాత్రం చేదు మిగిలింది. పడవవాడు మధ్యలో ఒక దుకాణం దగ్గర ఆపి, పక్కనున్న బడిపిల్లల కోసం బియ్యం బస్తా కొనమన్నాడు, ధర బజారుకు మూడింతలు. కొనకపోతే ఒడ్డుకు వచ్చేదాకా ముఖం మాడ్చుకున్నాడు. బడి పేరు చెప్పి అడిగితే ఎవరు కాదంటారు? అందుకే ఆ పేరు చెబుతున్నారు. సరస్సు మాత్రం వింతైనదే. వానాకాలంలో మెకాంగ్ నది పొంగితే, సరస్సు నుంచి దానిలోకి పారే నది వెనక్కి ప్రవహిస్తుంది, సరస్సు కొన్ని రెట్లు విస్తరిస్తుంది.

మార్చి 8 ఇక్కడ సెలవు. బస్సెక్కి ఆరు గంటలు ప్రయాణించి రాజధాని నామ్ పెన్ వెళ్లాను. టూల్ స్లెంగ్ ఒకప్పుడు ఉన్నత పాఠశాల. 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల పాలనలో దాన్ని చెరసాలగా, చిత్రహింసల గృహంగా మార్చారు. ఆ నాలుగేళ్లలో దేశంలో బడులు మూతపడ్డాయి, చదువుకున్నవాళ్లను, ముఖ్యంగా టీచర్లను వెతికి చంపారు. నేను ఏ తరగతి గదిలో అడుగుపెట్టినా ముందు నల్లబల్ల ఎటువైపుందో చూస్తాను, అలవాటు. అక్కడా చూశాను. ఎక్కువసేపు ఉండలేకపోయాను. తిరుగు బస్సులో మా బడి టీచరు గుర్తొచ్చింది. వాళ్ల అమ్మమ్మ కూడా టీచరేనని ఒకసారి చెప్పింది, ఆ తర్వాత మాట మార్చింది. నేను మళ్లీ అడగలేదు.

వైద్యం గురించి రెండు మాటలు. కడుపు చెడి నేను ఊళ్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే సెలైను ఒక్కదానికి వేసిన బిల్లు చూసి రోగం దానంతటదే తగ్గింది. బీమా లేకుండా రావద్దు. పిల్లల సంగతి వేరు. మా తరగతి కుర్రాడు మామిడిచెట్టు మీంచి పడి చేయి విరగ్గొట్టుకుంటే ఆంకోర్ పిల్లల ఆసుపత్రికి తీసుకుపోయాం. 1999లో జపాన్ ఫొటోగ్రాఫర్ కెన్రో ఇజు పూనికతో మొదలైంది. వరసలో చాలాసేపు కూర్చున్నాం కానీ వైద్యం చక్కగా చేశారు. పిండికట్టు మీద వాడు తనకు తెలిసిన ఇంగ్లీషు రంగులన్నీ రాసుకున్నాడు.

నా గడువు ఏప్రిల్ నడుమ, ఖ్మేరు కొత్త సంవత్సరం సెలవులతో ముగుస్తుంది. మే నెలలో మరొకరు వస్తారట. వాళ్లకోసం ఒక పెద్ద పుస్తకం పెట్టాం. ఏ రోజు ఏం చెప్పాం, ఏది రాలేదు, ఏ పిల్లకు ఎక్కడ తడబాటు, అన్నీ నేను ఇంగ్లీషులో, ఆమె ఖ్మేరులో రాస్తున్నాం. నిన్నటికి 43 పేజీలయ్యాయి. మొదటి పేజీ ఖాళీగా ఉంచమంది, నిన్న సాయంత్రం అందులో తనే పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాసింది. ఏం రాశావని అడిగాను.

“రంగులు చెప్పవద్దు అని రాశాను ఓమ్,” అంది.